లాంగ్ జంప్ 3.45 కాడ ఆగిపోయింది, వీడియో చూసి ఎవరన్నా చెప్పండన్నా

పరుగు_అనంతపురం
అన్నలూ అక్కలూ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తాండా. 1600 మీటర్లు టైములోనే వచ్చేస్తాండాది, వంద మీటర్లు కూడా 15 సెకండ్ల లోపలే, ఈ లాంగ్ జంపే ప్రాణం తీస్తాండాది. 3.80 పడాల, నాది 3.45 కాడ నిలబడిపోయింది. గ్రౌండ్‌లో సీనియర్లు "పైకి ఎగురురా, ఎత్తుకి పోతేనే దూరం పడతావు" అంటాండారు, నేనూ అట్నే ఎగురుతాండా, కాళ్ళు పీకేది తప్ప సెంటీమీటర్ పెరగలే. ఫ్రెండు వెనకాల నిలబడుకోని తీసిన వీడియో పెట్టినా, చూసి తప్పు యాడుందో చెప్పండి. బరువు 65 కేజీలు.

బుడ్డల_బాబు
వీడియో చూసినా తమ్ముడూ. నీ వీపు బాగుంది. ఇంగేమీ కనపడలే 😂

కర్నూలు_పీఈటీ
రనప్ (దూకే ముందర పరుగు) చివర్లో నువ్వు బోర్డు (కాలు పెట్టి ఎగిరే పలక) వైపు తల దించి చూస్తున్నావ్. అది ఒకటి. పిట్‌లో ఇసక గట్టిగా ఉంది, దూకే ముందర పారతో తవ్వి వదులు చేసుకో, మడమలు పోతాయి. ఇంక ఎత్తు సంగతి అంటావా, సీనియర్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. బోర్డు మీద నుంచి అట్లే ముందుకు పరిగెత్తిపోయేవాళ్ళను చాలామందిని చూసినా, వాళ్ళకి లిఫ్ట్ ఉండదు. వాళ్ళకి చెప్పాల్సిన మాట నీకు చెప్పినారు, అంతే.

భౌతికం_లెక్చరర్
45 డిగ్రీల కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుందని ఇంటర్‌లో ప్రక్షేపకం పాఠం చెప్తాం కదా, చాలామంది బుర్రలో అదే ఉండిపోతుంది. ఆ లెక్క రాయికి. ఏ కోణంలో విసిరినా వేగం ఒకటే, విసిరిన ఎత్తు పడిన ఎత్తు ఒకటే అనుకుంటేనే 45. మనిషికి ఆ రెండూ కుదరవు. ముందుకు వేగం నీకు పరుగు నుంచి వస్తుంది, పైకి వేగం మాత్రం కాలు నేలకు తగిలిన ఆ సెకనులో ఏడెనిమిదో వంతు టైములోనే పుట్టించాలి. నువ్వు సెకనుకు 6 మీటర్ల వేగంతో 45 డిగ్రీల్లో ఎగరాలంటే పైకి సెకనుకు 4.24 మీటర్లు కావాలి, అంటే నీ శరీరం 90 సెంటీమీటర్ల పైనే లేవాలి. నిలబడి రెండు కాళ్ళతో గట్టిగా ఎగిరినా అర మీటరు లేస్తే గొప్ప, ఒంటి కాలితో 90 ఎక్కడి నుంచి తెస్తావు? ప్రపంచ రికార్డులు కొట్టే వాళ్ళు కూడా 20 డిగ్రీల దగ్గరే ఎగురుతారు. 1991లో టోక్యోలో మైక్ పావెల్ 8.95 దూకినాడు, ఇప్పటికీ అదే రికార్డు, ఆయనా 45 దరిదాపుల్లోకి పోలేదు.

పరుగు_అనంతపురం
సార్ అయితే నేను ఇన్నాళ్ళూ పైకి ఎగరడానికి బోర్డు కాడ రోంత స్లో చేసుకుంటాంటి, అది తప్పంటారా?

భౌతికం_లెక్చరర్
తప్పో ఒప్పో ఊరికే చెప్తే ఎట్ల, నీ స్పీడ్ ఎంతో తెలియాలి కదా. వెనక నుంచి తీసిన వీడియోలో అది రాదు.

కడప_ఫిజియో
అదే చెప్పబోతున్నా. తమ్ముడూ, మళ్ళీ తియ్యి, ఈసారి పక్క నుంచి. మనిషి కదలికను మూడు తలాల్లో చూస్తాం: పక్క నుంచి చూస్తే ముందుకు వెనక్కు మడిచేవి కనిపిస్తాయి, ఎదురుగానో వెనకగానో చూస్తే మోకాలు లోపలికి ఒరిగేది, నడుము ఒక పక్కకు జారేది కనిపిస్తుంది, పైనుంచి చూస్తే మెలి తిరిగేది. లాంగ్ జంప్‌లో నీకు కావాల్సింది ఎక్కువ శాతం పక్క నుంచే. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, ట్రైపాడ్ లేకపోతే కుర్చీ మీద ఇటుకలు పెట్టి ఆనించు, నడుము ఎత్తులో ఉండాలి, పరిగెత్తే దారికి లంబంగా, కనీసం ఎనిమిది పది మీటర్లు దూరంగా. దగ్గర పెడితే ఫ్రేమ్ అంచుల్లో కొలతలు వంకర పోతాయి. నువ్వు పరిగెత్తే గీత మీదనే మీటరుకొక సున్నం గీత వెయ్యి, గీతలు నీ దారికి ఇవతల వేస్తే కెమెరాకి దగ్గరైపోయి కొలత తప్పుతుంది.

ఇంకోటి, ముఖ్యం. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు. నువ్వు 6 మీటర్ల స్పీడ్‌లో ఉంటే ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 20 సెంటీమీటర్లు జరిగిపోతావు. బోర్డు మీద కాలు ఉండేది నాలుగు ఫ్రేములు, అందులో ఏం చూస్తాం? స్లోమోషన్‌లో 240 పెట్టి తియ్యి. పొద్దున్నే బాగా వెలుతురొచ్చినాక తియ్యి, చీకట్లో 240 అంటే అంతా మసక.

నల్లరేగడి
ఏందప్పా ఇదంతా, మా నాయన కాలంలో ఫోన్లూ లేవు ఫ్రేములూ లేవు, పొద్దున లేచి చేలల్లో పరిగెత్తి సెలెక్ట్ అయినారు. దూకేదానికి కూడా లెక్కలా

కడప_ఫిజియో
సెలెక్ట్ అయినారు అన్నా, కాదనట్లే. కానీ కంటికి కనపడనివి ఉంటాయి. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేవా అని పూర్వం పెద్ద వాదన. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ ట్రాక్ పక్కన వరసగా కెమెరాలు పెట్టి తీసినాడు, నాలుగూ గాల్లో ఉండే క్షణం దొరికింది. అదీ కాళ్ళు బార్లా చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అంతకు ముందు వందల ఏండ్లు బొమ్మలేసిన వాళ్ళంతా ముందు కాళ్ళు ముందుకి, వెనక కాళ్ళు వెనక్కి చాపి గాల్లో తేలుతున్నట్టు వేసినారు. రోజూ గుర్రాలతో బతికినోళ్ళే వాళ్ళు.

నల్లరేగడి
సరే అక్కా, గుర్రం ఒప్పుకున్నా 🙏

స్వింగ్_ప్రొద్దుటూరు
మధ్యలో దూరుతాండా ఏమనుకోవద్దండి, మా టీంలో ఒకడు బౌలింగ్ వేస్తే అందరూ "చెయ్యి వంచుతాండాడు, త్రో" అంటారు. పక్క నుంచి 240లో తీస్తే తేలిపోతుందా?

కడప_ఫిజియో
తేలదు. ఐసీసీ రూలు ప్రకారం చెయ్యి వంగి ఉండటం తప్పు కాదు. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చినప్పటి నుంచి బంతి వదిలే లోపల మోచెయ్యి ఎంత నిటారయింది అన్నదే లెక్క, 15 డిగ్రీల దాకా ఓకే. బౌలింగ్‌లో చెయ్యి ఒక్క తలంలో తిరగదు, భుజం మెలి తిరుగుతూ వస్తుంది, కొందరికి మోచెయ్యి పుట్టుకతోనే వంకర. ఒక్క కెమెరాకి అది వంగి తిన్నగా అయినట్టే కనపడుతుంది. అందుకే ల్యాబులో కీళ్ళ మీద మార్కర్లు అంటించి చుట్టూరా చాలా కెమెరాలతో కొలుస్తారు. ఫోన్ వీడియో చూసి పిల్లోని పరువు తీయొద్దు.

పరుగు_అనంతపురం
తీసినా అక్కా. కుర్చీ మీద ఇటుకలు పెట్టి, 240లో. సున్నం బదులు పిండి వేసినా, మా అమ్మ తిట్టింది. కొత్త లింక్ పెడతాండా, మూడు జంపులు ఉండాయి.

బుడ్డల_బాబు
ముగ్గు పిండేనా లేక జొన్న పిండా, జొన్న పిండి అయితే తిట్టడం కరెక్టే

భౌతికం_లెక్చరర్
కినోవియా అని కంప్యూటర్‌లో ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసినా, రెండో జంపు మీద కూర్చున్నా. చెప్తా వినండి. బోర్డుకి 4 మీటర్ల నుంచి 2 మీటర్ల దాకా రావడానికి 76 ఫ్రేములు, అంటే 0.317 సెకను, వేగం 6.3. చివరి 2 మీటర్లకి 88 ఫ్రేములు, 0.367 సెకను, వేగం 5.45. చూసినావా, పైకి ఎగరడానికి రెడీ అవుతూ నువ్వే బ్రేకు వేసుకుంటున్నావు. బోర్డు మీద కాలు 41 ఫ్రేములు ఉంది, 0.17 సెకను. మంచి జంపర్లది 0.12 దగ్గర ఉంటుంది. బోర్డు వదిలినప్పుడు ముందుకు వేగం 4.9, పైకి 2.3.

ఇప్పుడు దూరం లెక్క. బోర్డు వదిలినప్పుడు నీ సెంటర్ ఆఫ్ మాస్ (ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే చుక్క) ఎంత ఎత్తులో ఉందో ఇసకలో పడేటప్పటికి అంతకంటే 40 సెంటీమీటర్లు కిందికి వస్తుంది అనుకుందాం, అప్పుడు గాల్లో ఉండేది 0.60 సెకను, పోయిన దూరం 2.96. బోర్డు వదిలేటప్పుడు శరీరం బోర్డు కంటే పావు మీటరు ముందుంటుంది, పడేటప్పుడు కాళ్ళు శరీరం కంటే ఇంకో పావు మీటరు ముందుంటాయి. కలుపు, 3.46. నీ టేపు చెప్పిందీ అదే కదా.

ఇప్పుడు అదే మనిషి బ్రేకు వేయకుండా వచ్చి ముందుకు 5.7, పైకి 2.1తో పోయినాడు అనుకో. ఎత్తు తగ్గింది చూడు. గాల్లో 0.57 సెకను, దూరం 3.26. ఎత్తు తగ్గించి 30 సెంటీమీటర్లు సంపాదించినావు. పడేటప్పుడు కాళ్ళు ఇంకో ఐదు సెంటీమీటర్లు చాపితే 3.80 దాటినట్టే. వంద మీటర్లు 15లో పరిగెత్తేవానికి సగటు వేగమే 6.67, కాబట్టి కావాల్సిన స్పీడ్ నీ దగ్గర ముందే ఉంది, బోర్డు దాకా మోసుకు రావడమే పని.

పరుగు_అనంతపురం
సార్ మీకు దండం. ఇంతమంది ఎత్తు ఎత్తు అంటాంటే ఎవురూ స్పీడ్ అనలే. ఇంగో డౌటు, టీవీలో చూస్తే గాల్లో కాళ్ళు నడిచినట్టు ఆడిస్తారు కదా, అది నేర్చుకుంటే ఇంగా ముందుకి పోతామా?

భౌతికం_లెక్చరర్
పోము. కాలు నేల వదిలిన క్షణమే నీ సెంటర్ ఆఫ్ మాస్ దారి ఖాయమైపోయింది. గాలిలో తన్నడానికి ఏమీ లేదు, ఎంత ఈదినా ఆ వంపు మారదు. మరి ఎందుకు ఆడిస్తారంటే, బోర్డు మీద కాలు ఆగి పైభాగం ముందుకు పోతుంది కాబట్టి శరీరం ముందుకు బోర్లా తిరగాలని చూస్తుంది. కాళ్ళు చేతులు తిప్పితే ఆ తిరుగుడు వాటిలోకి పోతుంది, మొండెం నిటారుగా ఉంటుంది, చివర్లో కాళ్ళు ముందుకు చాపడానికి వీలవుతుంది. 3.80 కోసం అది అక్కర్లేదు, నీకు గాల్లో అంత టైమే లేదు.

సెంటర్ ఆఫ్ మాస్ అంటే బొడ్డు దగ్గర అతికించిన చుక్క అనుకోవద్దు మళ్ళీ, శరీరం వంచితే అది జరుగుతుంది, ఒక్కోసారి శరీరం బయటికే పోతుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫాస్‌బరీ వీపు కిందికి పెట్టి హైజంప్ 2.24 దాటి గోల్డ్ కొట్టినాడే, ఆ పద్ధతిలో ఒళ్ళు విల్లులా వంగితే మనిషి కర్ర పైనుంచి, సెంటర్ ఆఫ్ మాస్ కర్ర కింద నుంచి పోయే వీలుంది.

కర్నూలు_పీఈటీ
లెక్కలు బాగున్నాయి సార్, కాదనను. పిల్లోడు గ్రౌండ్‌లో ఏం చెయ్యాలో నేను చెప్తా. "బ్రేకు వెయ్యొద్దు" అంటే ఆగదు, ఎందుకు వేస్తున్నాడో చూడాలి. నీ రనప్ ప్రతిసారీ వేరే చోట మొదలవుతుంది, అందుకే బోర్డు దగ్గరికొచ్చి అడుగులు సర్దుకుంటున్నావు, అందుకే తల దించుతున్నావు. మూడో జంపులో చూడు, చివర మూడు అడుగులు చిన్నచిన్నగా తొక్కినావు. బోర్డు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి, పిట్‌కి ఎదురు దిక్కు పదమూడు పద్నాలుగు అడుగులు ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తు, దూకే కాలు ఎక్కడ పడిందో ఫ్రెండుని గుర్తు పెట్టమను. రోజూ అక్కడి నుంచే, అదే కాలుతో మొదలుపెట్టు. ఎదురుగాలి ఉంటే అర అడుగు ముందుకి జరుపు. అడుగు కుదిరినాక చూపు పిట్ అవతల చెట్టు మీద పెట్టు, బోర్డు మర్చిపో.

చివరిది ఒకటి ఉంది. ఆఖరు ముందు అడుగు రోంత పెద్దది, ఆఖరు అడుగు చిన్నది. పెద్ద అడుగులో నడుము కొంచెం కిందికి దిగుతుంది, చిన్న అడుగులో గబుక్కున కాలు పెట్టి లేస్తావు. లిఫ్ట్ వచ్చేది అక్కడ. స్లో చేస్తే కాదు.

కడప_ఫిజియో
సార్ చెప్పింది బంగారం. దానికి కారణం కూడా చెప్తా తమ్ముడూ. నడుము ముందే దిగి ఉంటే బోర్డు మీద కాలు పెట్టినప్పుడు కిందికి పడేది ఏమీ ఉండదు, కాలు తగిలినప్పటి నుంచీ పైకి నెట్టడమే. అదీ కాక కండరం లాగబడి వెంటనే కుదించుకుంటే ఎక్కువ బలం ఇస్తుంది, మధ్యలో ఆలస్యం చేస్తే ఆ లాభం పోతుంది. నీది 0.17 సెకను కదా, మోకాలు అక్కడ మెత్తగా వంగిపోతోంది, వీడియోలో ఆపి చూడు.

కానీ ఒక జాగ్రత్త. 65 కేజీల మనిషి 0.14 సెకనులో పైకి 2.1 వేగం తెచ్చుకోవాలంటే ఆ ఒక్క కాలు మీద సగటున 160 కేజీల దాకా భారం పడుతుంది, పీక్ ఇంకా జాస్తి. ఫుల్ రనప్ జంపులు రోజూ కొట్టుకుంటూ పోవద్దు. వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు అడుగు కుదుర్చుకునే పరుగు, చిన్న రనప్ జంపులు.

బుడ్డల_బాబు
అక్కా ఇంత విన్నాక నాదీ ఒకటి అడుగుతా, మా నాయన మార్కెట్ యార్డులో హమాలీ, చెనిక్కాయ మూటలు మోస్తాడు, ఇరవై ఏండ్లుగా యాభై కేజీల మూట వీపు మీద వేసుకోని లారీ ఎక్కుతాడు ఏం కాలే, మొన్న ఇంట్లో గ్యాస్ సిలిండర్ పక్కకి జరపబోయి నడుము పట్టుకునింది, అది కూడా నిండుది కాదు సగం అయిపోయినది, ఇదేం లెక్కో నాకర్థం కాలే

కడప_ఫిజియో
బరువు ఎంత అన్నది సగం లెక్కే, వెన్నుకి ఎంత దూరంలో ఉంది అన్నది మిగతా సగం. గడారితో బండ లేపేటప్పుడు చెయ్యి ఎంత చివర పట్టుకుంటే అంత తేలిక కదా, మన ఒంట్లో అది తిరగబడి ఉంటుంది. వీపు కండరాలు వెన్ను మధ్య నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి, వంగి చేతులు చాపి పట్టుకున్న బరువు నలభై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ఎనిమిది రెట్లు. ఇరవై కేజీల వస్తువుకి వీపు కండరాలు నూటఅరవై కేజీల బలంతో లాగాలి, పైగా వంగిన మొండెం బరువు వేరే. ఆ లాగుడంతా వెన్నుపూసల మధ్య డిస్కుల మీదే నొక్కుకుంటుంది.

మీ నాయన యార్డులో మూటని నేల మీద నుంచి తనే వంగి ఎత్తడు చూడు, ఇద్దరు చెరో పక్క కొక్కేలు తగిలించి లేపి ఆయన వీపు మీద పెడతారు. మూట వెన్నుకి ఆనుకొని, రోంత ముందుకి వంగి ఉంటే సరిగ్గా తుంటి మీదకి, పాదాల మీదకి భారం దిగుతుంది, దూరం దాదాపు సున్నా. సిలిండర్‌కేమో చెయ్యి చాపి, పక్కకి తిరిగి, ఒక చేత్తో లాగి ఉంటాడు. వంగడం, మెలి తిరగడం రెండూ కలిస్తే డిస్కుకి ఇంకా చేటు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించు బాబూ.

బుడ్డల_బాబు
కాలికి దిగలే అక్కా, నడుమే. ఒక చేత్తో లాగింది మాత్రం నిజం, రెండో చేతిలో ఫోనుండె 🤦

నల్లరేగడి
అక్కా మా అవ్వకి కుడి తుంటి నొప్పి, కర్ర కుడి చేత్తోనే పట్టుకోని నడుస్తాది, నొప్పి ఉండే పక్కే కదా ఆసరా కావాల్సింది. కరెక్టేనా?

కడప_ఫిజియో
ఎడమ చేత్తో పట్టుకోమను అన్నా. వినడానికి తిక్కగా ఉంటుంది, చెప్తా ఆగు. నడిచేటప్పుడు ప్రతి అడుగులో ఒక కాలు గాల్లో ఉంటుంది, ఒంటి కాలి మీద నిలబడినట్టే. కుడి కాలి మీద నిలబడితే నడుము ఎడమ పక్కకి జారిపోవాలని చూస్తుంది, జారకుండా కుడి తుంటి బయటి కండరం లాగి పట్టుకుంటుంది. ఒంటి బరువు తుంటి కీలుకి దూరంగా ఉంటుంది, ఆ కండరమేమో దానికి సగం దూరంలోనే, కాబట్టి బరువుకి రెండు రెట్ల దాకా లాగాలి. బరువూ ఆ లాగుడూ కలిసి కీలు మీద రెండున్నర మూడు రెట్లు పడుతుంది. ఎడమ చేత్తో కర్ర పట్టుకుంటే ఆ జారుడుని కర్ర ఆపుతుంది, అదీ కీలుకి చాలా దూరం నుంచి, కాబట్టి చేత్తో కొంచెం నొక్కినా చాలు, కండరం లాగుడు బాగా తగ్గుతుంది. కుడి చేత్తో అయితే కీలుకి దగ్గరైపోతుంది, అంత లాభం రాదు, పైగా మనిషి ఆ పక్కకే ఒరిగి నడవడం అలవాటవుతుంది. కర్ర, నొప్పి కాలు రెండూ ఒకేసారి ముందుకి పెట్టాలి. కర్ర ఎత్తు మణికట్టు ముడత దాకా.

నల్లరేగడి
చెప్పినా అక్కా. "నీకేం తెలుసురా నిన్న పుట్టినోడివి" అనింది. మీ పేరు చెప్పి మళ్ళీ ట్రై చేస్తా

స్వింగ్_ప్రొద్దుటూరు
😂😂 అవ్వలకి బయోమెకానిక్స్ చెప్పేకంటే అంపైర్‌తో కొట్లాడేది మేలు

పరుగు_అనంతపురం
అప్‌డేట్ పెడతాండా. సార్ చెప్పినట్టు వెనక్కి పరిగెత్తి గుర్తు పెట్టుకున్నా, నేను రోజూ మొదలుపెట్టే చోటుకి మూడు అడుగుల ఇవతల పడింది గుర్తు. అంటే రోజూ దూరం ఎక్కువ పెట్టుకోని చివర్లో అడుగులు నరుక్కుంటాంటి అన్నమాట. ఈ పొద్దు 3.66, ఇంగోసారి 3.71 పడినా, కానీ 3.71 జంపులో వెనక్కి చెయ్యి ఆనింది, ఫ్రెండు చెయ్యి కాడికి కొలిస్తే 3.40 అన్నాడు, కాలి గుర్తు కాడికి కొలవాలని నేను. ఎవరిది కరెక్టు?

కర్నూలు_పీఈటీ
నీ ఫ్రెండుదే కరెక్టు. ఇసకలో బోర్డుకి దగ్గరగా ఏది తగిలితే దాని దగ్గరికే కొలుస్తారు. చెయ్యి, పిర్ర, ఏదైనా. కాళ్ళు తగలగానే మోకాళ్ళు వదులు చేసి చేతులు ముందుకి విసురు, తుంటి మడమల మీదుగా ముందుకో పక్కకో జారాలి. నిలబడి రెండు కాళ్ళతో ఇసకలోకి దూకి అదొక్కటే ప్రాక్టీస్ చెయ్యి, రనప్ లేకుండా.

భౌతికం_లెక్చరర్
3.66 జంపుది 240 వీడియో ఉంటే పెట్టు, చివరి 2 మీటర్లు ఎన్ని ఫ్రేములో చూడాలి. 80 కిందికి వచ్చి ఉండాలి నా అంచనా.

పరుగు_అనంతపురం
పెట్టినా సార్. లెక్కపెట్టుకున్నా, 79 వచ్చింది.

గుత్తి_గోపి
అందరికీ నమస్తే, థ్రెడ్ ఇప్పుడే చదివినా, నాకు 1600 పరుగులో రెండో రౌండు నుంచి ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి, అడుగు పెద్దగా వేస్తే జాస్తి అవుతాది, ఎవరన్నా చెప్పండి

కడప_ఫిజియో
పాదం శరీరానికి బాగా ముందర పడుతున్నట్టుంది గోపీ, అడుగు చిన్నది చేసి నిమిషానికి వేసే అడుగులు ఐదు నుంచి పది శాతం పెంచి చూడు, మోకాలి మీద భారం తగ్గుతుంది. పక్క నుంచి వీడియో తీసి కొత్త థ్రెడ్‌లో పెట్టు, ఇక్కడ జంపుల మధ్యలో కలిసిపోతాది.

గుత్తి_గోపి
సరే అక్కా, కుర్చీ ఇటుకలు వెతుకుతాండా